ఎడమ కొన ఉప్పు

కోవిల్పట్టిలో వేరుశనగ మిఠాయి చేసే షెడ్లు చాలా ఉన్నాయి. పాకం పట్టడం ఎవరికైనా కొన్నాళ్ళకు వస్తుంది. పాకంలో పప్పు కలిపి పలక మీద పోశాక, దాన్ని చదును చేసి ముక్కలుగా కోయడం మాత్రం అందరికీ రాదు. వేడిగా ఉంటే కత్తికి అంటుకుంటుంది. ఆరిపోతే పగిలి పొడి అవుతుంది. మధ్యలో కాస్త వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలోనే పలక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీతలు పడిపోవాలి.

సుబ్బురాజ్ షెడ్డులో ఆ పని దామోదరసామిది. మిగతావాళ్ళు కొలబద్ద పెట్టి కోస్తారు. అతను పెట్టేవాడు కాదు. పలక ముందు నిలబడి ఒకసారి కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి చూసేవాడు. ఆ చూపుతోనే కొలత అయిపోయేది. కోసిన ముక్కల్లో ఏ రెంటిని తీసి తక్కెడలో పెట్టినా ముల్లు నిలువుగా నిలబడేది. ఎలా వచ్చిందని అడిగితే, చూడడం వస్తే కోయడం వస్తుంది అనేవాడు. అంతకు మించి చెప్పడం అతనికి చేతకాదు, ఇష్టమూ లేదు.

అతనిది కడంబూరు అవతల నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. అమ్మా నాన్నా పత్తి చేలలో కూలికి పోయేవాళ్ళు. ఇద్దరూ ఒకరి వెనుక ఒకరు పోయాక, ఇంకా సరిగా మాటలు రాని చెల్లెలు తంగమ్మాళ్‌ను చంకనేసుకుని కోవిల్పట్టి వచ్చి మిఠాయి షెడ్డులో చేరాడు. అతను పని చేస్తుంటే ఆ పిల్ల బెల్లం బస్తాల మీద కూర్చుని విరిగిన ముక్కలు తింటూ పెరిగింది. పెద్దయ్యాక ఎవరైనా అన్నగారి గురించి అడిగితే నోరు తెరిచి పుచ్చిన దంతాలు చూపించేది.

"మా అన్న పెంపకమంతా ఈడనే ఉండాది, చూడండి" అని నవ్వేది.

వాళ్ళమ్మ ఒక పద్ధతి పెట్టి పోయింది. అరిటాకు వేస్తే ముందు ఎడమ కొన దగ్గర ఉప్పు పెట్టాలి. తరువాతే అన్నం గానీ, కూర గానీ. ఉప్పు పెట్టని ఆకు కుక్కకు వేసే ఆకు అని ఆమె మాట. ఆకు దొరకని రోజుల్లో దామోదరసామి పళ్ళెంలో కూడా చెల్లెలికి ముందు ఎడమ పక్కన చిటికెడు ఉప్పు పెట్టి, తరువాత గంజి పోసేవాడు. ఆ ఇంట్లో ఉప్పు పెట్టడమంటే, నువ్వు మా మనిషివి అని చెప్పడం.

తంగమ్మాళ్‌ను విరుదునగర్‌లో పప్పు మిల్లులో పనిచేసే గోవిందరాజ్‌కి ఇచ్చి చేశాడు. తనకూ భార్య పొన్నమ్మాళ్‌కూ పిల్లలు లేరు. తంగమ్మాళ్‌కి చాలా ఆలస్యంగా ఒక ఆడపిల్ల పుట్టింది. కార్తీశ్వరి అని పేరు పెట్టుకున్నారు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టించాలి గనుక, అన్నకు ఎప్పుడు వీలైతే అప్పుడే అని తంగమ్మాళ్ ఆ వేడుకను ఆపి ఉంచింది.

ఆ వీలు రాకముందే జబ్బు వచ్చింది. దీపావళి సరుకు ముమ్మరంగా చేస్తున్న రోజుల్లో, పలక చదును చేస్తుండగా అతని ఎడమ చేతిలోంచి కర్ర జారిపోయింది. కర్ర తీసుకోబోయి మనిషే ఆ పక్కకు ఒరిగిపోయాడు. పక్కన ఉన్న తోటి పనివాడు ఇరుళప్పన్ పట్టుకోకపోతే పాకం గంగాళం మీద పడేవాడు. మెదడులో కుడి వైపు రక్తం గడ్డకట్టిందని ఆసుపత్రిలో చెప్పారు. ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం పోలేదు.

పొన్నమ్మాళ్ రోజూ నూనె రాసి, చేయి పట్టి లేపి, గోడ వెంట నడిపించింది. చేతిలోకి బలం తిరిగి వచ్చింది. కాలు ఈడ్చడం తగ్గింది. చూడడానికి వచ్చినవాళ్ళంతా అదృష్టవంతుడివి అన్నారు. పొన్నమ్మాళ్ కూడా అదే అనుకుంది.

వింతలు తరువాత మొదలయ్యాయి. వాటిని వింతలని కూడా ఎవరూ అనుకోలేదు. ఒకరోజు గడ్డం గీసుకుని వచ్చాడు. కుడి చెంప నున్నగా ఉంది. ఎడమ చెంప మీద గడ్డం అలాగే ఉంది.

"ఏం, మిగిలింది దేవునికి మొక్కుకొన్నారా?" అంది పొన్నమ్మాళ్.

అతను కుడి చెంప నిమురుకుని, బాగానే ఉంది కదా అన్నట్టు చూశాడు. అలసిపోయాడేమోనని ఆమే మిగతాది గీసింది. చొక్కా ఒక చేయే తొడుక్కుని వాకిట్లోకి వచ్చేవాడు. ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటే, ఈ వాకిలి ఎవరు ఇరుకు చేశారని కోప్పడేవాడు. కూర వేయలేదని గొడవ చేసేవాడు. కూర పళ్ళెంలోనే ఉండేది. జబ్బు చేసిన మనిషి, పని లేక మనసు చెడింది, అందుకే తప్పులు వెతుకుతున్నాడని ఆమె సర్దుకుంది. అతనికి ఎప్పుడూ ఒకటే మాట. పలక దగ్గరికి ఎప్పుడు పోవాలి?

అతను నడవగలుగుతున్నాడని తెలియగానే తంగమ్మాళ్ చెవులు కుట్టే వేడుక పెట్టుకుంది. విరుదునగర్‌లో వాళ్ళ వీధిలోనే పందిరి వేశారు. గోవిందరాజ్ బంధువులు, మిల్లువాళ్ళు వచ్చారు. దామోదరసామి కొత్త పంచె కట్టుకుని పీట మీద కూర్చుని పిల్లను ఒడిలో పెట్టుకున్నాడు. కంసాలి ముందు కుడి చెవి కుట్టాడు. పిల్ల కేరుమంది. దామోదరసామి పిల్లను ఎత్తుకుని లేచి నిలబడ్డాడు.

"అయిపోయింది, అయిపోయింది. ఏడవద్దు బంగారూ" అన్నాడు.

రెండో చెవి ఇంకా ఉంది. పందిరిలో అందరూ నవ్వారు. పిల్ల ఏడుపు చూడలేక మామ సగంలోనే లేచాడని అనుకున్నారు. గోవిందరాజ్ అతని భుజాలు పట్టి కూర్చోబెట్టాడు.

"బావా, నీ కోడలికి ఒక్క చెవేనా?" అన్నాడు.

అందరూ మళ్ళీ నవ్వారు. దామోదరసామి కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే.

రెండో చెవీ కుట్టాక పంక్తి వేశారు. మొదటి ఆకు మేనమామది. సన్నటి కొన ఎడమకు ఉండేటట్టు ఆకు పరిచి, తంగమ్మాళ్ వేరే ఎవరినీ రానివ్వకుండా తన చేత్తో ఎడమ కొనన ఉప్పు పెట్టింది. పక్కన ఊరగాయ, చక్కెర పొంగలి, రెండు వడలు. తరువాత కూరలు. నడుమ అన్నం. అందరూ అతను చేయి పెట్టడం కోసం చూస్తున్నారు. అతను ఆకు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఉప్పు?" అన్నాడు.

ఇంకాస్త కావాలేమో అనుకుని తంగమ్మాళ్ అదే చోట మరో చిటికెడు వేసింది. ఆమె చేయి అతని కళ్ళ ముందే వచ్చి పోయింది. అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. ముఖం నల్లబడింది.

"ఉప్పు పెట్టని ఆకు ఎవరికి వేస్తారు తంగం? అమ్మ చెప్పింది మరిచిపోయినావా?"

"పెట్టినాను కదన్నా. రెండు మార్లు పెట్టినాను."

"కండ్ల ముందర లేనిది ఉండాదంటే, నేనేం గుడ్డోడినా?"

ఆకులో చేయి పెట్టకుండానే లేచాడు. పొన్నమ్మాళ్ ఎంత పట్టుకున్నా ఆగలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక పందిరిలో ఉన్నవాళ్ళు ఆ ఆకు దగ్గరికి వచ్చి చూశారు. ఎడమ కొన మీద ఉప్పు తెల్లగా, కుప్పగా ఉంది. చూసినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. మేనమామ కానుకల సీరు పెట్టడానికి మనసు లేక మిష పెట్టుకున్నాడని ఒకరు, పొద్దున్నే తాగి వచ్చాడేమోనని ఒకరు. తమాషా చేస్తున్నాడనుకుని చివరి దాకా నవ్వుతూనే ఉన్న ముసలాయన ఒకాయన ఉన్నాడు. తంగమ్మాళ్ ఆ ఆకు తీయలేదు, తీయనివ్వలేదు. పంక్తులన్నీ అయ్యేదాకా అది అలాగే ఉంది.

ఆ రోజు నుంచి దామోదరసామి చెల్లెలి ఫోను ఎత్తలేదు. పొన్నమ్మాళ్ ఎత్తి అతని చేతికిస్తే, ఎవరో తెలియనివాళ్ళని చెప్పు అనేవాడు. కోపం పెద్దగా చూపించేవాడు కాదు. కూర్చుని కూర్చుని, ఉన్నట్టుండి, బస్తాల మీద పెంచాను అనేవాడు. అంతే. పొన్నమ్మాళ్ ఆకు మీద ఉప్పును తన కళ్ళతో చూసింది. ఆ మాట చెబితే, నువ్వు కూడా వాళ్ళ పక్కేనా అన్నాడు. ఆకు ముందు కూర్చున్న మనిషే చూడలేదంటుంటే ఏమని సాక్ష్యం చెప్పాలి?

షెడ్డుకు పోతానని పోరు పెట్టి చివరికి పోయాడు. సుబ్బురాజ్ మంచివాడు, పైగా పండగ సరుకుకు చేయి కావాలి. ఒక పలక కోసి చూడు సామీ, అలసట అనిపిస్తే ఆపేయి అన్నాడు. ఇరుళప్పన్ పక్కకు జరిగి కత్తి అందించాడు. పాకం పోశారు, చదును చేశారు. దామోదరసామి పలక ముందు నిలబడ్డాడు. షెడ్డులో అందరూ చేతిలో పని ఆపి చూశారు.

కుడి చివర మొదలుపెట్టాడు. చేయి మరిచిపోలేదు. గీత వెనక గీత, వెనకటి లాగే, దారం పట్టి గీసినట్టు పడింది. ఇరుళప్పన్‌కి ముఖం విచ్చుకుంది. పలక సగానికి వచ్చేసరికి దామోదరసామి కత్తి కింద పెట్టి తువ్వాలుతో కుడి చేయి తుడుచుకున్నాడు.

"అడ్డం కోసేసినాను. నిలువు కోసేదా, ఆరనిచ్చేదా?" అన్నాడు.

ఎడమ సగం గీత పడకుండా అలాగే ఉంది. దాని మీద అతని ఎడమ అరచేయి ఆనుకుని ఉంది. ఆ వేడికి చేయి కాలుతోంది. అతనికి తెలియడం లేదు. ఇరుళప్పన్ ఒక్క ఉదుటున వచ్చి ఆ చేయి లాగాడు. అరచేతి చర్మం పలకకు అంటుకుని వచ్చింది. దామోదరసామి ఇరుళప్పన్ మీద మండిపడ్డాడు, పని చేసే మనిషిని అలా లాగుతారా అని. కోయని సగం చూపిస్తే, నేను తిరిగేలోపల ఎవరో కొత్తగా పోశారన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో అబద్ధం లేదు. అలాగే జరిగిందని అతను నమ్మాడు.

సుబ్బురాజ్ చాలాసేపు పలక వైపే చూశాడు. అతనూ చిన్నప్పటి నుంచి కోత కోసినవాడే. అలసిన మనిషి గీతలు చివరికి వచ్చేకొద్దీ వంకర పోతాయి. కోపంతో వదిలేసిన మనిషి గీత మధ్యలో తెగుతుంది. ఈ గీతల్లో మొదటిది ఎంత శుద్ధంగా ఉందో ఆఖరిదీ అంతే శుద్ధంగా ఉంది. ఈ మనిషి పని సగంలో ఆపలేదు. ఇతనికి పలక అక్కడితో అయిపోయింది. అరచేతికి మందు రాయించి, ఇది మనసు సంగతి కాదు తలకాయ సంగతి, మళ్ళీ డాక్టరుకు చూపించు అని పొన్నమ్మాళ్‌కి చెప్పాడు.

ఈసారి చూసిన డాక్టరమ్మ ముందు కళ్ళు పరీక్ష చేసింది. కళ్ళు బాగున్నాయి. తరువాత నిండా చిన్న చిన్న గీతలున్న కాగితం ఒకటి ఇచ్చి, ప్రతి గీతనూ కొట్టేయమంది. అతను శ్రద్ధగా కొట్టేసి ఇచ్చాడు. కుడి సగంలో ఒక్కటి కూడా వదల్లేదు. ఎడమ సగంలో ఒక్కటి కూడా ముట్టలేదు. ఆమె అతని గడ్డం పట్టుకుని మెల్లగా ఎడమ పక్కకు తిప్పి, వేలు పెట్టి చూపించింది. అప్పుడు చూశాడు.

"ఇవి యాడివి?" అన్నాడు.

పొన్నమ్మాళ్ పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని ముఖంలో అలాంటి భయం చూడలేదు. తన ఇంట్లో ఎవరో కొత్తవాళ్ళు కాపురం ఉండడం కనిపించినట్టు చూశాడు. డాక్టరమ్మ చేయి తీసేసింది. అతని చూపు తనంతట తానే కుడి పక్కకు జరిగింది. ముఖం మళ్ళీ తేటపడింది. కాగితం బాగానే చేశాను కదా అన్నాడు.

డాక్టరమ్మ పొన్నమ్మాళ్‌ను బయటికి పిలిచి తమిళంలో విడమర్చి చెప్పింది. కన్ను చూస్తుంది, కానీ చూసినదాన్ని లెక్కలోకి తీసుకునేది మెదడు. అతని మెదడులో ఎడమ పక్కను లెక్కలోకి తీసుకునే చోటు దెబ్బతింది. అందుకని అతనికి ప్రపంచం సగం ఉన్నట్టు తెలియదు, నిండుగానే ఉంటుంది. ఆ సగమే నిండు. ఎవరైనా లేని సగం గురించి మాట్లాడితే, అతని మెదడు ఊరుకోదు, ఏదో ఒక కారణం కల్పించి సర్దుకుంటుంది. అది అబద్ధం కాదు, మొండితనం కాదు.

ఆ పక్కంతా చీకటిగా ఉంటుందా అని పొన్నమ్మాళ్ అడిగింది. నీ వీపు వెనక ఇప్పుడు నీకు ఏం కనిపిస్తోంది అని డాక్టరమ్మ తిరిగి అడిగింది. ఏమీ కనిపించడం లేదంది పొన్నమ్మాళ్. చీకటిగా ఉందా? లేదు, చీకటి కూడా లేదు. అంతే, అతనికి ఎడమ పక్క అలా ఉంటుంది అంది డాక్టరమ్మ. రోజూ గుర్తు చేస్తూ ఎడమకు చూడడం అలవాటు చేయించాలి, కొంతమందికి కొంత తిరిగి వస్తుంది, ఇంత కాలమయ్యాక ఎంత వస్తుందో చెప్పలేను, పొయ్యి దగ్గరికి కత్తి దగ్గరికి మాత్రం పంపవద్దు అని చెప్పి లోపలికి వెళ్ళింది.

బస్సులో వస్తూ పొన్నమ్మాళ్ ఎడమ కన్ను మూసుకుని చూసింది. తల పక్కకు తిప్పి చూసింది. ఎలా చూసినా ఆ పక్క ఒకటి ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అది తెలియకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు అందలేదు. పక్కన కుడి వైపు కిటికీలోంచి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలు చూస్తూ అతను సంతోషంగా కూర్చున్నాడు. సోమవారం నుంచి షెడ్డుకు పోతానని చెప్పాడు.

విషయం తెలిసి తంగమ్మాళ్ ఫోనులోనే ఏడ్చేసింది. ముందు అది ఊరట. అన్న తనను వదులుకోలేదు, జబ్బు వదిలించింది. ఆ ఊరట ఒక పూట కూడా నిలవలేదు. జబ్బని తనకు తెలిసింది, అన్నకు తెలియదు కదా. అన్న లెక్కలో తను ఇంకా ఉప్పు పెట్టని చెల్లెలే. ఆ లెక్క చెరపాలి. అతను తనను మళ్ళీ తంగం అని పిలవాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

గోవిందరాజ్‌కి ఒక ఉపాయం తోచింది. ఆ రోజు పంక్తిని అతను సెల్‌ఫోనులో వీడియో తీశాడు. తంగమ్మాళ్ ఉప్పు పెట్టడం అందులో పడింది. కళ్ళతో చూస్తే ఎవడు కాదంటాడు అనుకున్నాడు. ఆదివారం కోవిల్పట్టి వచ్చి, బావను పలకరించి, ఫోను అతని చేతిలో పెట్టాడు. దామోదరసామి వీడియో చూశాడు. తన పంచె చూసుకున్నాడు, కూరలు చూశాడు, అన్నం చూశాడు. చివరి దాకా చూసి ఫోను చెల్లెలి మొగుడికి తిరిగి ఇచ్చాడు.

"చూసినావా మాప్పిళ్ళే? ఇందులో కూడా ఉప్పు లే. సాక్షిని నువ్వే తెచ్చినావు."

గోవిందరాజ్ ఫోను కుడి పక్కకు జరిపి చూపించాడు. తెరలో మళ్ళీ కుడి సగమే కనిపించింది. పొన్నమ్మాళ్ డాక్టరమ్మ లాగే అతని గడ్డం పట్టి ఎడమకు తిప్పి, వీడియో ఆపి, ఉప్పు మీద వేలు పెట్టింది. చూశాడు.

"ఇది తరువాత పెట్టి తీసిండేది" అన్నాడు. గొంతులో ఈసారి కోపం లేదు, బాధ ఉంది. "నన్ను నమ్మించేదానికి ఇంత కష్టం ఏల పడతారు? ఆ దినం ఒక చిటికెడు పెట్టి ఉంటే పోయేది కదా."

జబ్బు సంగతి చెప్పి చూశారు. డాక్టరమ్మ మాటలన్నీ చెప్పారు. అతను బుద్ధిగా విన్నాడు. ఎడమ పక్క తెలియడం లేదంటే ఆమా అని ఒప్పుకున్నాడు, డాక్టరు చెబితే నిజమే అయి ఉంటుందన్నాడు. అయితే ఉప్పు? ఉప్పు వేరే సంగతి అన్నాడు. అది తను చూశాడు. గోవిందరాజ్ బస్సు ఎక్కే ముందు పొన్నమ్మాళ్‌తో, గోడతో మాట్లాడితే అదైనా ఎదురు చెప్పదు అక్కా అని చెప్పి, అన్నందుకు సిగ్గుపడి వెళ్ళాడు.

చివరికి తంగమ్మాళ్ తనే వచ్చింది. పొద్దున్నే పిల్లను తీసుకుని, అరిటాకుల కట్టతో దిగింది. దామోదరసామి ఆమెను చూసి ముఖం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. పిల్లను మాత్రం ఒడిలోకి తీసుకున్నాడు. పిల్ల ఎడమ చెవి కమ్మ అతనికి తెలియదు గనుక కుడి చెవి కమ్మనే మళ్ళీ మళ్ళీ ముట్టుకుని చూశాడు.

వంటింట్లో వదినా మరదళ్ళు ఆకు ఎలా వేయాలా అని ఆలోచించారు. ఎప్పటిలా వేసి ఎడమ కొనన ఉప్పు పెడితే మళ్ళీ అదే అవుతుంది. ఆకు తిప్పి, కొన కుడి పక్కకు వచ్చేటట్టు వేస్తే ఉప్పు కనిపిస్తుంది. కానీ వాళ్ళ ఇంట్లో ఆకు అలా వేసేది చావు భోజనానికే. కొన కుడి వైపు కనిపిస్తే అతను ఊరుకోడు. ఊరుకున్నా తంగమ్మాళ్‌కి చేతులు రావు. చేతికే ఇస్తే? ఉప్పు చేతిలోంచి చేతికి ఇస్తే తగవు వస్తుందంటారు.

"వచ్చేసింది కదా వదినా, ఇంకేం వచ్చేది ఉండాది?" అంది తంగమ్మాళ్. ఇద్దరూ నవ్వబోయి ఆపుకున్నారు.

డాక్టరమ్మ చెప్పినట్టు అతన్ని తిప్పి కూర్చోబెట్టి, పక్కనుండి చూపిస్తూ వడ్డించవచ్చు. కానీ చూపించినప్పుడల్లా అప్పుడే పెట్టారనుకుంటాడు. ఇక తంగమ్మాళ్ ఆలోచించడం మానేసింది. ఆకు ఎప్పటి లాగే కొన ఎడమకు పెట్టి వేసింది. ఎడమ కొనన పెట్టవలసిన చోట ఉప్పు పెట్టింది. అది అతను చూడడని తెలుసు. అయినా పెట్టింది. తరువాత కుడి పక్కన, కూరల కింద ఖాళీగా ఉన్నచోట, ఇంకో చిటికెడు పెట్టింది. ఉప్పు అక్కడ పెట్టడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

దామోదరసామి కూర్చున్నాడు. ఆకు వైపు చూశాడు. కుడి పక్క ఉప్పు మీద చూపు ఆగింది. వేలితో దాన్ని తాకి నాలుకకు రాసుకున్నాడు.

"ఇప్పుడు పెట్టినావే" అన్నాడు. "ఆ దినం ఏల పెట్టలే?"

తంగమ్మాళ్ వదిన వైపు చూసింది. పెట్టినాను అంటే ఇప్పుడు లేచిపోతాడు. పెట్టలేదు అంటే, పందిరి నిండా జనం ఎదుట తన చేత్తో రెండుసార్లు పెట్టిన ఉప్పును తనే కాదనడం అవుతుంది. ఆ జనంలో ఎవరు అడిగినా, అన్నకు ఉప్పు పెట్టని మనిషినని తనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

"మరిచిపోయినాను అన్నా" అంది. "తప్పు నాదే."

అతను తల ఊపాడు. కోపమంతా దిగిపోయినట్టు భుజాలు వదులయ్యాయి.

"పని తొందరలో మరిచింటావు. నాకి తెలుసు తంగం. పెట్టినాను పెట్టినాను అన్నావు చూడు, అదే నాకి నొప్పి. మరిచినాను అంటే ఆ దినమే తినిండేవాడిని."

ఆమె సరే అంది. అతను అన్నం కలుపుకుని తిన్నాడు. కుడి పక్క కూర, కుడి పక్క అన్నం. మధ్యకు వచ్చాక చేయి ఆగింది. ఎడమ పక్క చక్కెర పొంగలి, వడలు, ఊరగాయ, కొన మీద ఉప్పు, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వడ చేయలేదా అని అడిగాడు. తంగమ్మాళ్ అతని ఆకు మీద నుంచే వడ తీసి కుడి పక్కన పెట్టింది. ఇప్పుడే వేయించావా, వేడి లేదే అన్నాడు. అవునన్నా, ఆరిపోయింది అంది ఆమె.

ఆ మధ్యాహ్నం వీధిలో ఎవరు పోయినా వాకిట్లోంచి పిలిచి చెల్లెలు వచ్చిందని చెప్పాడు. ఆ పిల్ల ఆ రోజు పని హడావుడిలో ఉప్పు మరిచిపోయింది, చిన్నపిల్ల, పోనీ అని వదిలేశాను అని చెప్పాడు. ఇరుళప్పన్ వస్తే అతనికీ చెప్పాడు, సోమవారం పలక దగ్గరికి వస్తానని కూడా చెప్పాడు. ఇరుళప్పన్ అతని అరచేతి కట్టు వైపు చూసి, రా అన్నా అన్నాడు. తంగమ్మాళ్ లోపల నిలబడి ఇదంతా వింది. ఆమె బయటికి వచ్చి అతనికి ఎడమ పక్కన కూర్చుంది. అతను అటు తిరగలేదు. తంగం యాడికి పోయింది అని లోపలికి కేక వేశాడు.

ఆమె లేచి, అతని వెనకగా తిరిగి వచ్చి, కుడి పక్కన కూర్చుంది.